అయస్కాంత ద్రవాలలో కణగుచ్ఛాల ఏర్పాటు: సైద్ధాంతిక నమూనాలు – వాటి పరిమితులు

వ్యాస సంగ్రహం:
అయస్కాంత ద్రవం అంటే నానోమీటర్ల పరిమాణం గల అయస్కాంత కణాలు ఒక వాహక ద్రవంలో స్థిరంగా తేలియాడే కొల్లాయిడ్. ఈ కణాలు విడివిడిగా ఉంటాయన్న భావనపై తొలి సిద్ధాంతాలు నిలిచాయి. అయితే కణాలు గొలుసులుగా, వలయాలుగా, సూక్ష్మ బిందువులుగా గుమికూడగలవని 1970 నుండి వెలువడిన సైద్ధాంతిక కృషి, ఆ తరువాతి ప్రయోగాలు నిరూపించాయి. ద జెన్–పింకస్ జంట సహసంబంధ నమూనా, స్వేచ్ఛా శక్తిని కనిష్ఠం చేసే గొలుసు నమూనా, ప్రావస్థా పరివర్తన నమూనాలు, కాలానుగత వృద్ధి నమూనాలు – ఈ నాలుగింటి ప్రాతిపదికలను, అవి వర్తించే హద్దులను ఈ వ్యాసం వివరిస్తుంది. గుచ్ఛాల ఏర్పాటును నిర్ణయించేది ద్రవంలోని సగటు కణం కాదనీ, సంఖ్యలో స్వల్పమైన పెద్ద కణాలనీ నిరూపించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలక పదాలు: అయస్కాంత ద్రవం, ద్విధ్రువ అన్యోన్యచర్య, గొలుసు నమూనా, స్వేచ్ఛా శక్తి, ప్రావస్థా పరివర్తన, స్నిగ్ధత, కణ పరిమాణ విస్తృతి.

1. ఉపోద్ఘాతం:
భారరహిత స్థితిలో రాకెట్ ఇంధనం ట్యాంకులో ఒకచోట నిలవదు. ఇంధనమే అయస్కాంతానికి లొంగేదైతే దానిని కావలసిన ద్వారం వైపు లాగవచ్చు. ఈ ఆలోచనతో 1963లో నాసాకు చెందిన లూయిస్ పరిశోధన కేంద్రంలో స్టీఫెన్ పాపెల్ మాగ్నటైట్ పొడిని ఓలియిక్ ఆమ్లంతో కలిపి బాల్ మిల్లులో దీర్ఘకాలం నూరి, కిరోసిన్ వంటి ద్రవంలో స్థిరంగా నిలిచే కొల్లాయిడ్‌ను తయారు చేశారు. ఈ ద్రవాల ప్రవాహ శాస్త్రానికి రొనాల్డ్ రోజెన్స్‌వైగ్ పునాదులు వేశారు. ఆయన 1985లో వెలువరించిన ‘ఫెర్రోహైడ్రోడైనమిక్స్’ నేటికీ ఈ రంగానికి ఆధార గ్రంథం. తిరిగే ఇరుసుల చుట్టూ గాలి చొరబడకుండా ఉంచే సీళ్లలోనూ, లౌడ్‌స్పీకర్లలోనూ ఈ ద్రవాలు స్థానం సంపాదించుకున్నాయి.

ఇటువంటి ద్రవం విలువ అంతా దాని స్థిరత్వంలో ఉంది. కణాలు గుమికూడి పెద్దవైతే అడుగుకు చేరతాయి, స్నిగ్ధత మారుతుంది, సీలు పనిచేయడం మానేస్తుంది. అలాగని కణగుచ్ఛాలు ఎల్లప్పుడూ అనర్థం కావు. అయస్కాంత క్షేత్రంతో ఉష్ణవాహకతను నియంత్రించాలంటే గొలుసులు ఏర్పడటమే కావాలి. కనుక ఏ పరిస్థితిలో, ఎంత పొడవున, ఏ ఆకృతిలో గుచ్ఛాలు ఏర్పడతాయో ముందుగా చెప్పగల సిద్ధాంతం ఈ రంగానికి అత్యవసరం.

2. బలాల సమతుల్యం:
సుమారు 10 నానోమీటర్ల వ్యాసం గల మాగ్నటైట్ కణం ఒకే అయస్కాంత ప్రదేశంగా ఉంటుంది. అంటే ప్రతి కణమూ తనంతట తానే ఒక చిన్న శాశ్వత అయస్కాంతం. అటువంటి రెండు కణాల మధ్య మూడు రకాల చర్యలుంటాయి. మొదటిది వాన్ డర్ వాల్స్ ఆకర్షణ. కణాల ఉపరితలాలు దాదాపు తాకే దూరంలో ఇది అతి ప్రబలమవుతుంది. రెండవది ఉపరితలంపై పూసిన దీర్ఘ అణువుల పొర కలిగించే వికర్షణ. సుమారు 2 నానోమీటర్ల మందం గల ఓలియిక్ ఆమ్లపు పొర కణాలను వాన్ డర్ వాల్స్ ఆకర్షణ పట్టులోకి పోనివ్వదు. మూడవది అయస్కాంత ద్విధ్రువాల అన్యోన్యచర్య. ఇది దూరం ఘనానికి విలోమానుపాతంలో తగ్గుతుంది, పైగా దిశపై ఆధారపడుతుంది. ఒకదాని ఉత్తర ధ్రువం వెనుక మరొకదాని దక్షిణ ధ్రువం వచ్చేలా వరుసగా ఉన్న కణాలు ఆకర్షించుకుంటాయి. ఒకే దిశలో పక్కపక్కన నిలిచినవి వికర్షించుకుంటాయి.

ఈ చర్యలన్నిటికీ ప్రతిగా ఉష్ణచలనం కణాలను చెదరగొడుతూ ఉంటుంది. ఎవరిది పైచేయి అన్నది ఒక్క పరామితితో తెలుస్తుంది. కణాల కేంద్రాలు తాకుడు దూరంలో ఉన్నప్పటి ద్విధ్రువ శక్తి ప్రమాణాన్ని ఉష్ణశక్తితో, అనగా బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, పరమ ఉష్ణోగ్రతల లబ్ధంతో భాగించగా వచ్చే సంఖ్యను ‘లామ్డా’గా పిలుస్తారు. వరుసగా తాకుతూ ఉన్న రెండు కణాల బంధన శక్తి ఉష్ణశక్తికి 2 లామ్డా రెట్లు. వ్యతిరేక దిశలలో పక్కపక్కన ఉన్న కణాలకు ఇది లామ్డా రెట్లు మాత్రమే. గుచ్ఛాలు ముద్దలుగా కాక గొలుసులుగా మొదలుకావడానికి ఈ తేడాయే కారణం.

3. పరిమాణం చేసే మాయ:
కణం అయస్కాంత భ్రామకం దాని ఘనపరిమాణానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ద్విధ్రువ శక్తి భ్రామకం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక లామ్డా కణం లోపలి అయస్కాంత గోళపు వ్యాసం ఆరవ ఘాతం మేరకు పెరిగి, పొరతో కలిపిన మొత్తం వ్యాసపు ఘనం మేరకు తగ్గుతుంది. మాగ్నటైట్ సంతృప్త అయస్కాంతీకరణం మీటరుకు 446 కిలో ఆంపియర్లుగా, పొర మందం 2 నానోమీటర్లుగా, ఉష్ణోగ్రత 300 కెల్విన్‌లుగా తీసుకుని లెక్కిస్తే ఈ క్రింది విలువలు వస్తాయి.

లోపలి వ్యాసం 10 నానోమీటర్లు: లామ్డా సుమారు 0.5, బంధన శక్తి ఉష్ణశక్తికి దాదాపు 1 రెట్టు.
లోపలి వ్యాసం 16 నానోమీటర్లు: లామ్డా సుమారు 2.8, బంధన శక్తి 5.5 రెట్లు.
లోపలి వ్యాసం 20 నానోమీటర్లు: లామ్డా సుమారు 6.1, బంధన శక్తి 12 రెట్లు.

వ్యాసం రెట్టింపు అయితే లామ్డా పన్నెండు రెట్లకు మించి పెరిగింది. బంధం నిలిచే అవకాశాన్ని నిర్ణయించే బోల్ట్జ్‌మన్ గుణకం ఘాతీయ ప్రమేయం కనుక మార్పు ఇంకా తీవ్రం. అది మొదటి కణానికి 2.6 మాత్రమే. రెండవదానికి దాదాపు 250. మూడవదానికి సుమారు 2 లక్షలు. తయారైన ఏ ద్రవంలోనూ కణాలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. సగటు 10 నానోమీటర్లు అయినచోట కూడా 16 నానోమీటర్లు దాటిన కణాలు కొన్ని ఉంటాయి. సగటు వ్యాసాన్ని సూత్రంలో ప్రతిక్షేపిస్తే ద్రవంలో గుచ్ఛాలే ఉండవన్న సమాధానం వస్తుంది. నిజానికి ఆ కొద్దిపాటి పెద్ద కణాలే గొలుసులు కడుతుంటాయి. తరువాతి నమూనాలన్నిటినీ పరిశీలించేటప్పుడు ఈ విషయం దృష్టిలో ఉండాలి.

4. ద జెన్–పింకస్ నమూనా:
1970లో పియర్-జీల్ ద జెన్, ఫిలిప్ పింకస్‌లు అయస్కాంత కొల్లాయిడ్‌లో జంట సహసంబంధాలపై ఒక చిన్న పత్రం ప్రచురించారు. కణాలన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయనీ, ద్రవం పలుచనిదనీ వారి ఊహ. ఒక కణం పక్కన మరో కణం ఉండే సంభావ్యతను బోల్ట్జ్‌మన్ గుణకంతో తూచి, అన్ని స్థానాలపైన, దిశలపైన సమాకలనం చేశారు. లామ్డా 1 కంటే తగినంత పెద్దదైనప్పుడు సమాకలనంలో ముఖ్య భాగం కణాలు వరుసగా తాకే అమరిక నుండే వస్తుంది.

వారి ఫలితాన్ని మాటలలో ఇలా చెప్పవచ్చు. కణాల ఘనపరిమాణ భాగాన్ని మూడింట రెండుతో, 2 లామ్డా ఘాతంగా గల ఘాతీయ ప్రమేయంతో గుణించి, ప్రబల క్షేత్రంలోనైతే లామ్డా వర్గంతోను, క్షేత్రం లేనప్పుడైతే లామ్డా ఘనంతోను భాగించాలి. వచ్చిన సంఖ్యను 1 నుండి తీసివేసి విలోమం కడితే గొలుసులోని సగటు కణాల సంఖ్య వస్తుంది. క్షేత్రం లేనప్పుడు భాజకంలో లామ్డా ఒకసారి అదనంగా చేరడానికి భౌతిక కారణం ఉంది. ప్రబల క్షేత్రంలో ద్విధ్రువాలన్నీ ఇదివరకే ఒకే దిశకు తిరిగి ఉంటాయి. క్షేత్రం లేనిచోట బంధం కోసం కణాలు తమ దిశా స్వేచ్ఛను వదులుకోవాలి, అంటే ఎంట్రోపీ రూపంలో మూల్యం చెల్లించాలి.

ఘనపరిమాణ భాగం 5 శాతం, లామ్డా 2 అనుకుందాం. క్షేత్రం లేనప్పుడు సగటు గొలుసు పొడవు 1.3 కణాలు, ప్రబల క్షేత్రంలో 1.8 కణాలు. అంటే క్షేత్రం గొలుసులను పెంచుతుంది, కానీ అవి ఇంకా జంటల స్థాయిలోనే ఉన్నాయి. ఇప్పుడు లామ్డాను 3 చేస్తే, క్షేత్రం లేనప్పుడు పొడవు దాదాపు 2 అవుతుంది. ప్రబల క్షేత్రంలో మాత్రం తీసివేయవలసిన సంఖ్య 1.5కు చేరి, ఫలితం రుణాత్మకమవుతుంది. రుణాత్మకమైన గొలుసు పొడవుకు అర్థం లేదు.

ఈ వైఫల్యం గణితంలో దొర్లిన పొరపాటు కాదు. జంటల స్థాయి సహసంబంధాలతో నిర్మించిన సూత్రాన్ని దీర్ఘ గొలుసుల వరకు లాగడం వల్ల వచ్చిన ఫలితం. బంధాలు బలపడిన కొద్దీ విడి కణాల సంఖ్య తరిగిపోతుంది, కొత్త బంధాలకు ముడిసరుకు తగ్గుతుంది. ఈ తరుగుదలను సూత్రం పరిగణించదు. కనుక ఈ నమూనాను గొలుసుల ఆరంభాన్ని గుర్తించే సూచికగా వాడవచ్చు, గొలుసుల పొడవును కొలిచే కొలబద్దగా వాడరాదు.

5. స్వేచ్ఛా శక్తి ఆధారిత గొలుసు నమూనా:
పై లోపాన్ని సవరించడానికి గొలుసులనే స్వతంత్ర పదార్థాలుగా భావించే మార్గం వచ్చింది. 1973లో పీటర్ జోర్డన్ ఈ దిశలో సాహచర్య సమతాస్థితిని విశ్లేషించారు. 1995లో రష్యాకు చెందిన జుబారెవ్, ఇస్కకోవాలు గొలుసుల పరిమాణ విస్తరణను స్వేచ్ఛా శక్తి కనిష్ఠీకరణ ద్వారా రాబట్టారు. ఇవనోవ్, మెండెలెవ్, కాంటొరోవిచ్ మొదలైనవారు దానిని మరింత విస్తరించారు.

నమూనా సారాంశం సరళమైనది. ఒకటి, రెండు, మూడు… కణాలున్న గొలుసులను ఆదర్శ వాయువుల మిశ్రమంగా తలుస్తారు. ప్రతి గొలుసుకూ చలన స్వేచ్ఛ వల్ల ఎంట్రోపీ ఉంటుంది, కణాల మధ్య ఉన్న ప్రతి బంధానికీ స్థిరమైన శక్తి లాభం ఉంటుంది. మొత్తం కణాల సంఖ్య మారరాదన్న నిబంధనకు లోబడి స్వేచ్ఛా శక్తిని కనిష్ఠం చేస్తే, గొలుసుల సంఖ్య పొడవుతో పాటు గుణశ్రేఢిలో తగ్గుతుందని తేలుతుంది. ఘనపరిమాణ భాగాన్ని బంధపు బోల్ట్జ్‌మన్ గుణకంతో గుణించగా వచ్చే సంఖ్యను ‘బంధన సూచిక’ అనుకుంటే, దాని నాలుగు రెట్లకు 1 కలిపి, వర్గమూలం తీసి, మరో 1 కలిపి, సగం చేస్తే సగటు పొడవు వస్తుంది.

ఈ సూత్రం ఎక్కడా అనంతానికి పోదు. బంధన సూచిక 1.5 అయితే సగటు పొడవు 1.8, 100 అయితే 10.5. సూచిక నూరు రెట్లు పెరిగితే పొడవు సుమారు పది రెట్లే పెరుగుతుంది. బంధాలు బలపడిన కొద్దీ విడి కణాలు అరుదవడం ఇందులో సహజంగానే ఇమిడి ఉంది.

అయితే ఈ నమూనా కొన్నిటిని విస్మరిస్తుంది. గొలుసుల మధ్య పరస్పర చర్య, గొలుసులు వంగడం, కొమ్మలుగా చీలడం, రెండు కొసలు కలిసి వలయం కావడం ఇందులో ఉండవు. ఒకే పరిమాణం గల కణాలు నాలుగు అంతకు మించి ఉన్నప్పుడు, అతి తక్కువ శక్తి గల అమరిక తిన్నని గొలుసు కాదు, వలయం. వలయంలోని ద్విధ్రువాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. కనుక గొలుసులు ద్రవపు అయస్కాంత గ్రహణశీలతను పెంచగా, వలయాలు తగ్గిస్తాయి. అల్ప సాంద్రత వద్ద ఉష్ణోగ్రత తగ్గే కొద్దీ గ్రహణశీలత మొదట పెరిగి ఆ తరువాత తగ్గుతుందని కాంటొరోవిచ్, ఇవనోవ్, రొవిగాట్టి, తవారెస్, షొర్టినోలు 2013లో చూపారు. గొలుసులను మాత్రమే లెక్కించే నమూనాకు ఈ తగ్గుదల అందదు.

6. గొలుసుల నుండి బిందువులకు – ప్రావస్థా పరివర్తన వివాదం:
ద్విధ్రువ అన్యోన్యచర్యను అన్ని దిశలపై ఉష్ణ సగటు తీస్తే, బలహీనమైన ఆకర్షణ మిగులుతుంది. అది దూరం ఆరవ ఘాతానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. సాధారణ వాయువు ద్రవంగా మారడానికి కారణమయ్యే ఆకర్షణ కూడా ఇదే రూపంలో ఉంటుంది. ఈ పోలికతో అయస్కాంత కణాల ‘వాయువు’ చల్లబడితే చిక్కని ‘ద్రవం’గా విడిపోతుందని చాలాకాలం భావించారు.

1993లో వైస్, లెవెస్క్‌లు మాంటే కార్లో అనుకరణలో కఠిన ద్విధ్రువ గోళాలను పరిశీలించినపుడు అల్ప సాంద్రత వద్ద పొడవైన గొలుసులు ఏర్పడ్డాయి. ఊహించిన వాయు–ద్రవ విభజన కనబడలేదు. కారణం ఆలోచిస్తే స్పష్టం. గొలుసులో చేరిన కణం రెండు వైపులా బంధాలను తృప్తిపరచుకుంది. మూడవ దిశలో ఆకర్షించేందుకు దానిలో మిగిలినది స్వల్పం. దిశల సగటు తీయడం అంటే సరిగ్గా ఈ విషయాన్ని తుడిచివేయడమే. అదే సంవత్సరం వాన్ లియూవెన్, స్మిట్‌లు ద్విధ్రువ చర్యకు తోడు కొంత దిశారహిత ఆకర్షణ ఉంటే తప్ప ద్రవ ప్రావస్థ ఏర్పడదని అనుకరణతో వాదించారు.

2000లో ట్లుస్టీ, సాఫ్రన్‌లు మరో కోణం చూపారు. గొలుసులలో రెండు రకాల లోపాలుంటాయి: తెగిన కొసలు, మూడు శాఖలు కలిసే కూడళ్లు. కొసలు అధికమైన ప్రావస్థ పలుచనిది, కూడళ్లు అధికమైనది చిక్కనిది. ఈ రెండు లోపాల పోటీ వల్ల ప్రావస్థా విభజన సాధ్యమని వారి ప్రతిపాదన. 2011లో రొవిగాట్టి, రుస్సో, షొర్టినోలు మరింత తక్కువ ఉష్ణోగ్రతల వరకు అనుకరణలు జరిపి, శుద్ధ కఠిన ద్విధ్రువ గోళాలలో అటువంటి సహస్థితికి ఆధారం లభించలేదని ప్రకటించారు. వలయాల ఏర్పాటు విభజనకు అడ్డుపడుతుందని వారి అనుకరణల వల్ల తెలిసింది.

మరి ప్రయోగశాలలో, క్షేత్ర ప్రభావంలో మైక్రోమీటర్ల పరిమాణం గల సూదివంటి చిక్కని బిందువులు కనబడతాయి కదా? హేస్ 1975లో, పీటర్సన్, క్రూగర్‌లు 1977లో క్షేత్రం వల్ల గుచ్ఛాలు ఏర్పడటాన్ని నమోదు చేశారు. సానో, డోయ్‌లు 1983లో జాలక నమూనాతో క్షేత్ర ప్రేరిత విభజనను వివరించారు. ఇక్కడ వైరుధ్యం లేదు. నిజ ద్రవంలో వాన్ డర్ వాల్స్ ఆకర్షణ పూర్తిగా పోదు. పైపొర పలుచబడినా, విద్యుదావేశంతో నిలిచే ద్రవంలో లవణం పెరిగినా దిశారహిత ఆకర్షణ బలపడుతుంది. పైగా క్షేత్రంలో గొలుసులన్నీ సమాంతరంగా నిలిచి, వాటి మధ్య చర్య మారుతుంది. కనుక శుద్ధ ద్విధ్రువ నమూనా ఫలితాన్ని నిజ ద్రవానికి యథాతథంగా అన్వయించడం ఎంత తప్పో, నిజ ద్రవంలో బిందువులు చూసి అవి ద్విధ్రువ చర్య వల్లనే వచ్చాయనుకోవడమూ అంతే తప్పు.

7. కాలానుగత వృద్ధి:
పై నమూనాలన్నీ సమతాస్థితికి చెందినవి. ఒకసారి కలిసిన కణాలు విడిపోలేనంత బంధం బలంగా ఉంటే, పొడవును నిర్ణయించేది స్వేచ్ఛా శక్తి కాదు, కాలం. మైక్రోమీటరు స్థాయి కణాల విషయంలో ఇదే పరిస్థితి. దీనికి స్మొలుచోవ్‌స్కీ సమీకరణం ఆధారం. గొలుసుల సాంద్రత తగ్గే రేటు సాంద్రత వర్గానికి అనులోమానుపాతం. పొడవైన గొలుసు మెల్లగా కదులుతుంది; దాని వ్యాపన గుణకం పొడవుకు విలోమానుపాతమనుకుంటే, సగటు పొడవు కాలపు వర్గమూలం మేరకు పెరుగుతుందని రెండు పంక్తుల లెక్కతో తేలుతుంది. ఈ విధమైన ఘాత నియమ వృద్ధి పారాయస్కాంత కొల్లాయిడ్‌లపై జరిగిన ప్రయోగాలలో కనబడింది.

8. ప్రయోగాల తీర్పు:
క్షేత్రం లేనిచోట గొలుసులు నిజంగా ఉన్నాయా అన్న ప్రశ్నకు 2003లో ప్రత్యక్ష సమాధానం లభించింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌కు చెందిన ఫిలిప్సె బృందం ఇనుప కణాల ద్రవాన్ని పలుచని పొరగా చేసి, అమరిక చెదరకముందే అతివేగంగా ఘనీభవింపజేసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసింది. చిన్న కణాలు విడివిడిగా ఉన్నాయి. పరిమాణం కొంచెం పెరగగానే గొలుసులు, శాఖలు ఆకస్మికంగా ప్రత్యక్షమయ్యాయి. మూడవ విభాగంలోని లెక్క సూచించినది ఈ ఆకస్మికతనే.

రెండవ సాక్ష్యం స్నిగ్ధత. 1972లో ష్లియోమిస్ ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం విడి కణాల ద్రవంలో క్షేత్రం వల్ల పెరిగే స్నిగ్ధత, ఘనపరిమాణ భాగానికి ఒకటిన్నర రెట్లను దాటరాదు. 7 శాతం కణాలున్న ద్రవంలో పెరుగుదల 10.5 శాతం లోపే ఉండాలి. ఒడెన్‌బాఖ్, స్టోర్క్‌లు 1998లో తక్కువ విరూపణ రేట్ల వద్ద కొలిచిన మార్పులు ఈ హద్దును ఎంతో మించాయి. విరూపణ రేటు పెంచితే ఆ ప్రభావం క్షీణించింది. గొలుసులు తెగిపోతున్నాయన్నదే దీనికి సమంజసమైన వివరణ. చిన్న కణాలు అధికంగా, పెద్ద కణాలు స్వల్పంగా ఉన్న రెండు పరిమాణాల నమూనాతో జుబారెవ్, ఒడెన్‌బాఖ్ తదితరులు ఈ ఫలితాలను వివరించగలిగారు. సగటు పరిమాణంతో అది సాధ్యపడలేదు.

భారతదేశంలో కల్పాక్కంలోని ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రంలో జాన్ ఫిలిప్, షిమా, బల్‌దేవ్ రాజ్‌లు 2007లో ప్రచురించిన ఫలితం మూడవ సాక్ష్యం. 6.3 శాతం మాగ్నటైట్ కణాలున్న ద్రవంలో 82 గాస్ క్షేత్రం వద్ద ఉష్ణవాహకత 300 శాతం పెరిగింది. ఉష్ణం ప్రవహించే దిశలోనే గొలుసులు నిలవడం వల్ల ఇది సాధ్యమైంది.

9. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

● లామ్డా కణ వ్యాసంపై అతి తీవ్రంగా ఆధారపడుతుంది. కనుక సగటు వ్యాసాన్ని మాత్రమే వాడిన లెక్క గుచ్ఛాలను తక్కువగా అంచనా వేస్తుంది. పరిమాణ విస్తృతిని, కనీసం రెండు పరిమాణాల మిశ్రమంగానైనా, నమూనాలో చేర్చాలి.
● ద జెన్–పింకస్ సూత్రం గొలుసుల ఆరంభానికి సూచిక. అది రుణాత్మక ఫలితాన్నిచ్చేచోట స్వేచ్ఛా శక్తి నమూనాను ఆశ్రయించాలి.
● గొలుసు నమూనా వలయాలను, కూడళ్లను లెక్కించదు. అల్ప ఉష్ణోగ్రత వద్ద గ్రహణశీలత ఫలితాలను వివరించేటప్పుడు ఈ లోపం బయటపడుతుంది.
● బిందువులు ఏర్పడిన ద్రవంలో దిశారహిత ఆకర్షణ, బాహ్యక్షేత్రం పాత్రలను విడిగా అంచనా వేసిన తరువాతే ద్విధ్రువ చర్య పాత్రను నిర్ణయించాలి.
● బంధం విడిపోగలదా లేదా అన్నది ముందుగా తేలాలి. విడిపోగలిగితే సమతాస్థితి నమూనా, విడిపోలేకపోతే కాలానుగత నమూనా వర్తిస్తుంది.

ఒక నమూనా ప్రయోగంతో సరిపోలినంత మాత్రాన అది సరైనదని చెప్పలేం. సగటు వ్యాసాన్ని సర్దుబాటు చేస్తే అనేక నమూనాలు ఒకే వక్రరేఖకు సరిపోతాయి. పరిమాణ విస్తృతిని స్వతంత్రంగా కొలిచి, ఆ విలువలతోనే స్నిగ్ధత, గ్రహణశీలత రెంటినీ వివరించగల నమూనాయే ఈ ద్రవాలను రూపొందించేవారికి నమ్మదగిన ఆధారమవుతుంది.